కోనేటి వచనం కోసం నా పోరాటం

నేను మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను. అయినా శంషాబాద్ చుట్టుపక్కల సంఘాల్లో నాలుగు సువార్తలూ కంఠతా వచ్చినవాడిని నేనొక్కడినే. వాక్య పోటీల్లో మూడుసార్లు షీల్డు గెలిచాను. తుక్కుగూడలోని మా చర్చిలో నలభై ఒక్క ఏళ్ళు ప్రతి ఆదివారం పాఠం చదివాను. నా భార్య సుమలతను మట్టిచేసిన మూడో రోజు ఆదివారమైతే, ఆ రోజూ చదివాను. నా గురించి, దావీదు చదివితే కళ్ళు మూసుకున్నా కనబడుతుందని బడంగ్‌పేట్ వాళ్ళు కూడా అనేవారు.

అట్లాంటి నేను నిరుడు పదకొండు ఆదివారాలు ఇంట్లో కూర్చున్నాను.

కారణం మా చర్చిలోకి వచ్చిన కొత్త బైబిలు అనువాదం. యోహాను సువార్త అయిదో అధ్యాయంలో ఒక రోగి ముప్పై ఎనిమిదేళ్ళుగా జబ్బుతో ఉన్నాడు, కోనేటి దగ్గర పడి ఉన్నాడు. దేవదూత అప్పుడప్పుడు దిగి నీళ్ళు కదిలిస్తాడని, ముందు దిగినవాడు బాగవుతాడని మా పాత తెలుగు బైబిల్లో ఉంది. కొత్తదానిలో ఆ వచనం పేజీ అడుగుకు పోయింది.

మా పాస్టరు కరుణ్ కాలేజీలో గ్రీకు చదివినవాడు. "తాతా, బాగా పాత గ్రీకు ప్రతులల్ల గా మాట లేదు. ఎవరో అర్థమయ్యేటందుకు పక్కన రాసుకున్నరు. తర్వాత నకలు రాసినోడు లోపల కలిపిండు" అన్నాడు.

"అయ్యగారూ, మీరు గ్రీకు మూడేండ్లు చదివిండ్రు. నేను తెలుగు నలభై ఒక్క ఏండ్లు చదివిన. దేవదూతను తీసేస్తే గా నీళ్ళు ఎందుకు కదిలినయి?"

"తియ్యలే తాతా. అడుగున చిన్నక్షరాలల్ల పెట్టిండ్రు."

"అంటే దేవదూతను కింద కూసోబెట్టిండ్రా?"

చర్చిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. గెలిచాననుకున్నాను. పాత పుస్తకం బల్ల మీదికి వచ్చేదాకా నేను రానని చెప్పి వచ్చేశాను.

నా వెనక సగం సంఘం వస్తుందనుకొని మొదటి ఆదివారం ఇంటి ముందు నాలుగు కుర్చీలు వేశాను. నాలుగో ఆదివారానికి లోపల పెట్టేశాను. తెల్లచొక్కా తొడుక్కోవడం, పాఠం చదవడం మాత్రం మానలేదు. ఎదురుగా ఖాళీ మంచం. పైనుంచి విమానం పోతుంటే ఆగి, అది పోయాక అందుకునేవాడిని.

పదకొండో ఆదివారం ప్రేమావతి వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని ఆమెది. చదువు రాదు. బాప్తిస్మానికి ముందు వచనాలన్నీ నా నోటి నుంచే నేర్చుకుంది.

"అన్నా, నీ తరఫున అయ్యగారితోని కొట్లాడిన. అందరి ముంగట వచనం మొత్తం అప్పజెప్పిన" అంటూ నాకూ అప్పజెప్పింది. దేవదూత దిగాడు, నీళ్ళు కదిలాయి, రోగి బాగయ్యాడు. చివర, "ముందు దిగినవాడు బయటికి వచ్చి, నడవలేనివానికి చెయ్యి అందియ్యవలెను" అంది.

"గీ ఆఖరు మాట పాత పుస్తకంల గూడ లేదంటున్నరు అయ్యగారు. నువ్వొచ్చి చూపియ్యి. ఇగ అందరు నోరు మూస్తరు."

అల్మారాలోంచి నా బైబిలు తీశాను. ఆ మాట ఉంది. అచ్చులో కాదు, అంచున, నీలి సిరాతో, నా చేతిరాతలో.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. బోరింగు దగ్గర బిందెల కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్న వారం అది. వాళ్ళకు బుద్ధి చెబుదామని రాసుకున్నాను. ఆ ఏడు నా మాటగా చెప్పాను. తర్వాతి ఏడు ఆపకుండా కలిపి చదివాను. ఆ తర్వాత అది నాదన్న సంగతి నాకే గుర్తు లేదు.

"గిది నేను రాసింది, ప్రేమావతీ."

ఆమె పేజీ వైపు చూసింది. "మా అత్త మంచంల పడ్డ ఏడేండ్లు గీ మాట అనుకుంటనే లేవట్టి కూసోబెట్టిన" అంది. నేనిచ్చిన చాయ్ గ్లాసు చేతిలో తిప్పుతూ, "యోహానుకు తెల్వదా మరి?" అని అడిగింది.

"తెల్వదు."

చాయ్ సగంలో పెట్టి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం చర్చికి పోయి, అందరి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కరుణ్ కొత్త పుస్తకం నా ముందుకు జరిపి, "మీరే చదువుండ్రి తాతా" అన్నాడు.

దేవదూత మాట ఎవరు చేర్చారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చేర్చింది మాత్రం తెలుసు. "వద్దు అయ్యగారూ. నా నోరు కలుపుతది" అని చివరి బల్ల మీద కూర్చున్నాను. ప్రేమావతి నా వైపు చూడలేదు.

నవీన్‌కుమార్ అనే పిల్లగాడు చదివాడు. రెండు చోట్ల ఆగకూడని దగ్గర ఆగాడు. పుస్తకంలో ఉన్నంతే చదివాడు.