జనవరి సిగరెట్లు

ఒక పేటలో జనం చేతిలో డబ్బు ఆడుతోందా లేదా అన్నది సిగరెట్ల మీద వచ్చే పన్ను చూసి చెప్పవచ్చని మా బాస్ నమ్మకం. జీతం ఎంతో జనం దాస్తారు, ఇళ్ల ధరలు బ్రోకర్లు పెంచి చెబుతారు, సిగరెట్టు మాత్రం కాలిస్తే కాలినట్టే అనేవారు. ఢిల్లీ సాకేత్‌లోని ఆయన చిన్న సలహా సంస్థలో నేను చేరి అప్పటికి ఐదు నెలలు. మాది ఒంగోలు వైపు. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగాను, నా చదువుకు ఫీజులు కట్టింది ఆ ఆకే. దాన్ని అనుమానించడం మర్యాదగా తోచలేదు.

కొత్త దుకాణం ఎక్కడ తెరవాలో తేల్చుకోలేని ఒక బట్టల కంపెనీకి, ఢిల్లీలో ఏ పేట పుంజుకుంటోందో మేం చెప్పాలి. పేటలవారీగా సిగరెట్ల వ్యాపారులు కట్టిన పన్ను అంకెలు సంపాదించి, గీతలు గీశాను. తూర్పు అంచున ఒక పేట గీత డిసెంబరు దాకా నేల మీద పడుకుని ఉంది, జనవరిలో ఉన్నట్టుండి లేచి నిలబడింది. దుకాణం అక్కడే అని బాస్ తేల్చేశారు. శుక్రవారం కంపెనీవాళ్లకు ఇది నచ్చితే నా ఉద్యోగం పర్మనెంట్ చేస్తానన్నారు. నచ్చకపోతే ఏమిటో అనలేదు. ఇంటి ఓనర్ ఆంటీ మాత్రం రోజూ మెట్ల మీద ఆపి, నౌకరీ పక్కా అయిందా అని అడుగుతూనే ఉంది.

బుధవారం ఏదో ఫైలు తెమ్మని బాస్ తన గదిలోకి పంపారు. డ్రాయరు తెరిస్తే ఫైలు లేదు. సిగరెట్ పెట్టెలు, అట్టపెట్టెలకు అట్టపెట్టెలే ఉన్నాయి. ఏమిటని అడిగితే, ఫిబ్రవరి బడ్జెట్‌లో రేటు పెంచుతారని జనవరిలోనే కొని పెట్టుకున్నానని ఆయనే గర్వంగా చెప్పారు.

నేను కిందకు దిగి పాన్ షాపు భయ్యాను అడిగాను. ఇది కూడా తెలియని చదువు ఏం చదువు అన్నట్టు చూశాడు. ప్రతి ఏడూ బడ్జెట్‌కు ముందు అందరూ సరుకు నింపుకుంటారట, అతని మంచం కింద కూడా ఉందట. సరుకు ఎక్కడి నుంచి అంటే మా గీత లేచిన పేట పేరే చెప్పాడు. అక్కడ ఇళ్ల కంటే హోల్‌సేల్ గోడౌన్లే ఎక్కువట.

మళ్లీ పైకి వెళ్లాను. మెట్లు మామూలు కంటే నెమ్మదిగా ఎక్కిన మాట నిజం.

"సార్, ఆ పేటలో జనం చేతికి డబ్బేం రాలేదండి. బడ్జెట్‌కి భయపడి ఊరంతా అక్కడ కొన్నారు, అంతే."

"ఎవరు భయపడ్డరు?"

"పాన్ షాపులవాళ్లు. మీరు కూడా, సార్."

ఆయన డ్రాయరు వైపు చూశారు. "అచ్ఛా. అంటే నేను గూడ డేటానేనా?"

"కొద్దిగా, సార్."

"శుక్రవారం దాటినంక చెప్తే నీకేం పోయేది?"

"నాకేం పోయేది కాదండి. వాళ్లు గోడౌన్ల మధ్య చీరలు పెట్టుకుని కూర్చునేవాళ్లు."

ఆయన లేచి డ్రాయరు మూశారు. తర్వాత గీత చెరిపెయ్యమన్నారు. ఒక్క నెల అంకె చూసి ఏదీ తేల్చకూడదు, ఇంకో మూడు నెలలు చూడాలి అని రిపోర్టు చివర నేనే రాశాను. శుక్రవారం ఆయన దాన్ని తడబడకుండా చదివారు. కంపెనీవాళ్లు టీ తాగి, ఈ మాత్రం దానికి మీరెందుకని చాలా మర్యాదగా అడిగి వెళ్లారు.

నెలాఖరున నా కాగితం వచ్చింది. పర్మనెంట్ చేయలేదు, తీసెయ్యనూ లేదు. ఇంకో మూడు నెలలు చూడాలని బాస్ స్వహస్తంతో రాసి సంతకం పెట్టారు. అన్యాయం అందామంటే, ఆ పద్ధతి సిఫారసు చేసింది నేనే.