పెన్‌డ్రైవ్‌లో మూడో పాట

మా మేనేజర్ గారు పోయిన కబురు ఆఫీసులో ఉండగా తెలిసింది. మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే మిత్రుడు ఫోన్ చేసి, "బాబాయ్ పోయారే. పొద్దున్న దుకాణంలోనే, పని చేస్తూ చేస్తూ," అన్నాడు. ఫోన్‌లో అటువైపు నుంచి ఆటోనగర్ సుత్తుల చప్పుడు వినబడుతూనే ఉంది. మళ్ళీ వాడే, "ఎవరిదో కారు, డ్యాష్‌బోర్డు విప్పి పెట్టారు. ఇప్పుడది ఎవరు బిగిస్తారో," అన్నాడు.

మేనేజర్ అనేది ఆయన తనంతట తాను తీసుకున్న ఉద్యోగం. అసలు పని ఆటోనగర్ దుకాణంలో కార్లకి మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించడం. ఉండేది భవానీపురంలో, మా ఎదురింట్లో. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన బాబాయ్, వాళ్ళావిడ పిన్ని. ఆయన ఇంటికొస్తున్నారంటే ముందు స్కూటర్ చప్పుడు కాదు, ఈల వినబడేది. ఏ పాటో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. ఆయన ఈలలో పాటలన్నీ ఒక్కలాగే ఉండేవి.

ఇంజనీరింగ్ అయ్యాక, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా కూర్చోలేక నేను తిరుగుతున్న రోజుల్లో, నలుగురం కలిసి మా డాబా మీద బ్యాండ్ మొదలుపెట్టాం. వీధి మొత్తానికి తలనొప్పిగా తయారయ్యాం. ఒక ఆదివారం ఆయన మెట్లెక్కి వస్తుంటే, "అయిపోయింది, మీ బాబాయ్ కూడా వచ్చేశాడు," అంటూ డ్రమ్మర్ స్టిక్స్ కింద పెట్టేశాడు. ఆయన పిట్టగోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుని, "ఇందాక పాడావు చూడు, కాలవ పాట. అది మళ్ళీ ఒకసారి పాడమ్మా," అన్నారు.

అది నేను రాసిన పాట. వేసవిలో కాలవ కట్టేశాక అడుగున బయటపడే వాటి గురించి. తెగిన చెప్పులు, చిలుంపట్టిన సైకిల్ చక్రం, ఎవరో ఎప్పుడో జారవిడుచుకున్న చెంబు. మొత్తం విన్నాక, "బాగుంది. కానీ నీళ్ళు లేని కాలవ మీద పాటేంటమ్మా, నీళ్ళొదిలాక రాయొచ్చుగా," అన్నారు.

"నీళ్ళొస్తే అన్నీ మునిగిపోతాయిగా బాబాయ్, ఇంక పాడటానికి ఏముంటుంది?"

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "అదీ నిజమే. సరే, మీకు మేనేజర్ ఎవరు?" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన ఫోన్‌లో గొంతు మారింది. "మేనేజర్‌ని మాట్లాడుతున్నానండీ. మా వాళ్ళ డేట్లు చూసి చెప్పాలండీ," అనేవారు. మా డేట్లన్నీ ఖాళీగానే ఉండేవి. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గోడకున్న క్యాలెండర్ నిజంగానే తిరగేసేవారు. మేం నవ్వితే కళ్ళతోనే గదమాయించేవారు.

దొరికినవన్నీ పెళ్ళి రిసెప్షన్లే. గుడివాడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మమ్మల్ని ఐస్‌క్రీమ్ కౌంటర్ పక్కన నిలబెట్టారు. సినిమా పాటలు అయ్యాక ఆయన పెళ్ళికొడుకు మేనమామ దగ్గరికి వెళ్ళి, "మా పిల్లలు ఒక సొంత పాట పాడతారండీ," అన్నారు.

"సొంతదంటే?"

"వాళ్ళే రాసుకున్నదండీ."

"ఎందుకండీ? ఉన్నవి చాల్లేదా?"

అయినా పాడాం. మధ్యలో ఎవరో నా చేతిలో మైకు అడిగారు, గేటుకి అడ్డంగా కారు పెట్టారు, తియ్యమని చెప్పాలట. "నువ్వు పాడమ్మా, ఆ సంగతి నేను చూస్తా," అని ఆయన చెమటలు కక్కుకుంటూ టేబుల్ టేబుల్‌కీ తిరిగి ఆ కారాయన్ని పట్టుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో, "ఎంతమంది విన్నారు బాబాయ్?" అన్నాను.

"ఐస్‌క్రీమ్ కౌంటర్లో ఆయన విన్నాడు. కానీ పాపం ఆయనకి ఇంకో దారి లేదు. లెక్కలోకి రాడు."

ఆయన లెక్క ఆయనది. చుట్టాలూ స్నేహితులూ వింటే అది మొహమాటం. మనమెవరో తెలియనివాడు, తనంతట తాను, రెండోసారి పెట్టుకుంటే అదీ వినడమంటే. "మరి మీరు ఆ రోజు మళ్ళీ పాడమన్నారుగా?" అని ఒకసారి అడిగాను. "నేను ఎదురింటివాణ్ణి. నేనూ రాను," అన్నారు. అలాంటివాడు ఒక్కడు దొరికితే చాలన్నట్టు వెతికారు ఆయన.

అన్నట్టు, ఆయనకి తాళం అస్సలు రాదు. మొదట్లో ముందు వరసలో నిలబడి చప్పట్లు కొట్టేవారు. చివరికి డ్రమ్మర్ బతిమాలుకున్నాడు: "బాబాయ్, మీకు దండం పెడతా, చేతులు కట్టుకోండి. మిమ్మల్ని చూస్తే నేను తప్పుతున్నా." ఆయనేం నొచ్చుకోలేదు. ఆ తర్వాత ప్రతి కచేరీలోనూ చేతులు వెనక్కి కట్టుకుని, తల మాత్రం ఊపుతూ నిలబడేవారు. తల కూడా తప్పే.

పెన్‌డ్రైవ్ ఆలోచన ఆయనదే. సిస్టమ్ బిగించిన ప్రతి కారుకీ పాటలు నింపిన పెన్‌డ్రైవ్ ఒకటి ఉచితం. అందులో మొదటి రెండూ అందరూ ఇష్టపడే పాత పాటలు. మూడోది మా కాలవ పాట.

"మొదటిదే పెట్టొచ్చుగా?" అన్నాం.

"మొదటిది పెడితే నా ఎదురుగానే మార్చేస్తారు. నా దుకాణం దగ్గర బయల్దేరితే, రెండు పాటలయ్యేసరికి బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉంటారు. అక్కడ స్టీరింగ్ వదిలి పాట మార్చే ధైర్యం ఎవడికుంది?"

ఈ ఉపాయం తలుచుకుని వారం రోజులు నవ్వుకున్నాం. ఆ తర్వాత, కార్లు రిపేరుకి తిరిగొచ్చినప్పుడల్లా ఆయన కస్టమర్లని అడిగి, సాయంత్రం మా గుమ్మం దగ్గర ఆగి చెప్పేవారు. "ఇవాళాయన స్పీకర్ల బాస్ మోత తగ్గించమన్నాడమ్మా. మూడో పాట తీసెయ్యమన్నాడు." మరుసటి వారం ఇంకొకరు. అబద్ధం చెప్పి సంతోషపెట్టొచ్చు కదా అనిపించేది. ఎప్పుడూ చెప్పలేదు. బాస్ మాత్రం తగ్గించేవారు కాదు.

మెల్లగా మాకు ఓపిక అయిపోయింది. గిటార్ వాయించేవాడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. కీబోర్డ్ అబ్బాయి ఫోన్లెత్తడం మానేశాడు. నాకు బెంగుళూరు నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చింది. పోయిన నెల ఆయన స్కూటర్ ఆపి, మచిలీపట్నంలో ఎవరో కాలేజీవాళ్ళు ఆలోచిస్తామన్నారని చెబుతుంటే, "ఇంక చాలు బాబాయ్. అలిసిపోయాం," అన్నాను.

ఆయన ఇంజన్ ఆపేశారు. ఆయన కూడా అలిసిపోయారని అప్పుడే చూశాను. చొక్కా భుజాల దగ్గర వదులైంది. "సరే, మీరు ఆపండమ్మా. తప్పేం లేదు, వయసుంది, ఇంకో పని దొరుకుతుంది. నాకీ పని ఇప్పుడే దొరికింది," అన్నారు. మళ్ళీ స్టార్ట్ చేసి ఎదురింట్లోకి పోనిచ్చారు. ఆ రోజు ఈల వినబడలేదు.

మసీదు నుంచి తెచ్చిన జనాజా మీద ఆయన్ని భుజాలకెత్తుకున్నప్పుడు నేను పిన్ని పక్కన గుమ్మంలోనే ఉండిపోయాను. డ్రమ్మర్ భుజం పట్టడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుని, "అందరి అడుగులూ కలిశాయే. నావే కలవలేదు," అన్నాడు.

నిన్న సాయంత్రం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి మీద ఆగి ఉన్నాను. బెంగుళూరు వాళ్ళకి ఇంకా జవాబివ్వలేదు, అదే ఆలోచన. పక్కన ఒక పాత కారు ఆగింది. నడిపే ఆయనకి యాభై దాటి ఉంటాయి. పక్కసీట్లో ఆవిడ కునుకు తీస్తోంది. అద్దాలు దించే ఉన్నాయి. లోపల నా గొంతు పాడుతోంది. బాస్ మరీ ఎక్కువగా ఉంది. తెగిన చెప్పులు, సైకిల్ చక్రం, చెంబు. పాట అయిపోయింది. తర్వాత పాట మొదలవుతుంటే ఆయన చెయ్యి డ్యాష్‌బోర్డు మీదకెళ్ళింది.

కాలవ పాట మళ్ళీ మొదటి నుంచి వచ్చింది.

ఆయన స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు, తప్పుగా. ఎవరండీ మీరు, ఎక్కడ బిగించారిది అని అడగబోయాను. ఆ మనిషి నన్నోసారి చూశాడు, ఎండకి మొహం చిట్లించుకున్న ఎవరో అమ్మాయిని చూసినట్టు, మళ్ళీ రోడ్డు వైపు తిరిగిపోయాడు. గ్రీన్ పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆ కారు బందరు రోడ్డులోకి తిరిగింది, వెనకద్దం బాస్‌కి అదురుతూ.