అందరూ ఎత్తబడ్డ మధ్యాహ్నం

ఆ రోజుల్లో మా లంకలో వాన ఎప్పుడు పడుతుందో తెలుసుకోవాలంటే రేడియో పెట్టుకునేవాళ్ళు, లోకం ఎప్పుడు అంతమవుతుందో తెలుసుకోవాలంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. (వచ్చేవాళ్ళు అనడం కొంచెం ఎక్కువే. నేనే వాళ్ళ దగ్గరికి వెళ్ళేదాన్ని, చంకలో చార్టు పెట్టుకుని.) రెండు వేల సంవత్సరం ఇంకో ఏడాదికి వస్తుందనగా సంగతి ఇది. కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని పేపర్లో రాసేవారు. మా లంకలో ఆగిపోవడానికి కంప్యూటరే లేదు గానీ, భయపడటానికి మాత్రం మేమెవరికీ తీసిపోలేదు. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. డిగ్రీ పాసై, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. చేతినిండా ఖాళీ ఉంది, ఇంట్లో బైబిలు ఉంది, రెండు రంగుల పెన్సిళ్ళు ఉన్నాయి. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉండదని ఇప్పుడు తెలుస్తోంది.

మా నమ్మకం ప్రకారం ప్రభువు రాకడ అంటూ ఒకటుంది. ఆకాశంలో కడబూర మోగుతుంది, ఆయన్ని నమ్మినవాళ్ళు చావు చూడకుండా ఉన్నవాళ్ళు ఉన్నట్టే పైకి ఎత్తబడతారు. మిగిలిపోయినవాళ్ళకి ఏడేళ్ళు ఘోరమైన శ్రమలు. ఇదంతా చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఎప్పుడు అన్నది మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఆ లోటు నేను తీర్చాలనుకున్నాను. ప్రవచనాల్లో దొరికిన అంకెలన్నీ ఏరి, రోజుని ఏడాదిగా మార్చి, ఏడుతో గుణించి, దేవుడి ప్రజలు చెరలో ఉన్న సంవత్సరాలు తీసేసి, నెల రోజులు కుస్తీ పట్టాను. (లెక్క కుదరనప్పుడు ఎవరో ఒక రాజుగారి పరిపాలన పదేళ్ళు అటో ఇటో జరిపేదాన్ని. పాపం ఆయన ఏమీ అనేవాడు కాదు.) చివరికి ఆగస్టు నెలలో ఒక గురువారం తేలింది. మర్నాడే బీఈడీ కౌన్సెలింగుకి రమ్మని ఉత్తరం వచ్చింది. తేదీ చూశాను. నా గురువారానికి నాలుగు రోజుల తర్వాత. నవ్వుకుని చింపేశాను.

మా సంఘకాపరిని మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. అరవై దాటిన మనిషి, గొంతు పెంచి మాట్లాడటం ఎరగరు. ఆదివారం ఆరాధన అయ్యాక చార్టు గోడకి తగిలించి, ఊరందరి ముందూ ఆయన్ని నిలదీశాను. ఆయన చార్టు మొత్తం ఓపిగ్గా చదివి, "చాలా కష్టపడ్డావమ్మా. ఆయన వస్తారని నాకు తెలుసు. ఎప్పుడో తెలీదు. ఈ రెండూ కలిపే చెప్పాలమ్మా నేను, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు" అన్నారు. "తెలుసుకోవాలన్న ఆశ లేదండి మీకు" అన్నాను నేను, మా అమ్మ వెనక నుంచి జడ లాగుతున్నా ఆగకుండా. ఆయన "ఉందమ్మా" అని మాత్రం అన్నారు. ఆ రోజు నుంచీ ఊళ్ళో నా పేరు చార్టు పాప అయింది. ఇంటికొచ్చి నోటుబుక్కులో మిగిలిపోబోయేవాళ్ళ జాబితా ఒకటి రాసుకున్నాను. మొదటి పేరు మా చిన్నాన్నది. చుట్ట కాలుస్తాడు, కల్లు తాగుతాడు, క్రిస్మస్‌కి తప్ప మందిరం మెట్లెక్కడు. రెండోది పందేలు ఆడే కోడిపుంజుల మావయ్యది. మూడో పేరు రాయడానికి కొంచెం ఆలోచించాను గానీ, రాశాను. అయ్యగారు.

ఆ గురువారానికి రెండు రోజుల ముందు ఉపవాసం మొదలుపెట్టాను. అవతలి గట్టున ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నానని అమ్మకి అబద్ధం చెప్పి (ఆ అబద్ధం చార్టులో ఎక్కడ ఇముడుతుందో నేను చూసుకోలేదు), మందిరం వెనక మేడగదిలో చేరి గడియ పెట్టుకున్నాను. పాత బల్లలూ, క్రిస్మస్‌కి పెట్టే మట్టి బొమ్మలూ దాచే గది అది. గొల్లలు, గొర్రెలు, రెక్క విరిగిన దేవదూత అందరూ గోడవారగా నిలబడి నన్నే చూసేవారు. తాగడానికి కూజాడు నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. కిటికీలోంచి చూస్తే గోదావరి ఎర్రగా, రోజురోజుకీ దగ్గరగా కనిపిస్తోంది. ఏటా వచ్చే వరదే. నేను మాత్రం దాన్నీ సూచనల్లోనే రాసుకున్నాను.

గురువారం తెల్లవారాక ఆకలికి కళ్ళు తిరిగి, పడుకున్నానో పడిపోయానో తెలియని స్థితిలో ఉన్నాను. అప్పుడు వినిపించింది. దూరంగా, పొడుగ్గా, గుండెలో మోగినట్టు ఒక బూర. ఆగి మళ్ళీ మోగింది. దాని వెనకే ఆకాశమంతా నిండిన గొంతు ఒకటి, "పైకి రండి, అందరూ పైకి వచ్చేయండి, దేనికోసమూ వెనక్కి వెళ్ళొద్దు" అంటోంది. వెళ్ళాలి, లేవాలి అనుకున్నాను. కాళ్ళు కదల్లేదు. బొమ్మల్లో దేవదూత తల తిప్పుకున్నట్టు అనిపించింది. ఆ తర్వాత ఇంకేం తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది గానీ ఎండలా లేదు, పసుపు కలిపిన నీళ్ళలా ఉంది. గడియ తీసి కిందికి దిగాను. మొదట అర్థం కాలేదు ఏం మారిందో. తర్వాత తెలిసింది, చప్పుడు లేదు. మా లంకలో ఏ వేళప్పుడైనా ఎవరో ఒకరు కొబ్బరి పీచు కొడుతూనో, పిల్లల్ని తిడుతూనో ఉండేవారు. ఇప్పుడు ఆకు కదలడం లేదు. మందిరం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల చాప మీద చిన్నపిల్లల చెప్పులు మూడు జతలు. ప్రసంగ బల్ల మీద తెరిచిన బైబిలు, దాని మీద అయ్యగారి కళ్ళజోడు, అప్పుడే తీసి పెట్టినట్టు. ఆయనకి కళ్ళజోడు లేకపోతే ఎదురుగా ఉన్న మనిషి ఆనడు. పైన అక్కర్లేదు కదా అనుకున్నాను.

వీధిలోకి పరిగెత్తాను. ఒక ఇంటి అరుగు మీద బియ్యం చేట, సగం ఏరిన రాళ్ళు ఒక పక్కగా. ఇంకో ఇంట్లో పొయ్యి మీద అన్నం గిన్నె, గంజి వార్చకుండానే. దండెం మీద తడి చీర ఇంకా ఆరలేదు. ఒక రేడియో ఎవరూ లేని గదిలో తనకి తను పొలం ముచ్చట్లు చెప్పుకుంటోంది. "అమ్మా" అని పిలిచాను. నా గొంతు కొబ్బరిచెట్ల మధ్యకి వెళ్ళి, ఎవరికీ అందక తిరిగి వచ్చింది. మా ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అమ్మ కళ్ళద్దాల పెట్టె, నాన్న చొక్కా, నా కంచం బోర్లించి. నా మంచం మీద నా చార్టు. గురువారం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో నేను గీసిన గుండ్రం.

లెక్క కుదిరింది. నేను తప్ప అందరూ వెళ్ళిపోయారు.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. తేదీ సరిగ్గా చెప్పానని ఒక్క క్షణం గర్వపడ్డాను. రెండో క్షణం మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి రేవు వైపు నడిచాను. రేవులో ఒక్క పడవ లేదు. రేవు మెట్లూ లేవు. చప్పుడు చెయ్యని నీళ్ళు చింతచెట్టు మొదలు దాకా వచ్చి ఉన్నాయి. నది మధ్యలో ఒక తాటాకు పైకప్పు తేలుతూ పోతోంది, దాని మీద ఒక పిల్లి కూర్చుని నన్ను చూస్తూ, చూస్తూ, మలుపు తిరిగిపోయింది. సరిగ్గా అప్పుడే మా పశువుల పాక వైపు నుంచి మూలుగు వినిపించింది. మనిషి మూలుగులా, మనిషిది కానట్టుగా. శ్రమల కాలం మొదలైంది అనుకున్నాను. పారిపోవడానికి ఎటూ దారి లేదు కాబట్టి, దాని దగ్గరికే వెళ్ళాను.

పాకలో మా ఆవు పడుకుని నొప్పులు పడుతోంది. పక్కన మా చిన్నాన్న, నోట్లో ఆరిపోయిన చుట్టతో. జాబితాలో మొదటివాడు.

"చిన్నాన్నా, మనం మిగిలిపోయాం" అని బావురుమన్నాను.

ఆయన ఉలిక్కిపడి, "నువ్వేంటే ఇక్కడ? అవతల గట్టునున్నావన్నారు కదా. మిగిలిపోక ఏం చేస్తాం, పొద్దున్నే అందరూ ఎల్లిపోయేరు" అన్నాడు.

"నీ కళ్ళతో చూశావా?"

"ఇక్కడ నించునే చూసేను. ఒక్కొక్కళ్ళనీ చేతులు పట్టుకుని పైకి లాగేసుకున్నారు."

"అమ్మా?"

"మీ అమ్మే ముందు. నెత్తి మీద ఇంతేసి మూట."

మూటలెందుకు అక్కడికి అని నాకు తోచకపోలేదు. కానీ తెలుసుకోవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. "పోస్టుమాస్టారు?" అన్నాను. ఆయన రోజూ రెండు గంటలు పూజ చేసుకునే మనిషి.

"ఆయనా, వాళ్ళావిడా, దేవుడి పటాలతో సహా."

"పటాలతో సహానా! కోడిపుంజుల మావయ్య మాత్రం..."

"రెండు పుంజుల్నీ చెరో చంకలో పెట్టుకుని మరీ ఎక్కేడు."

నా సిద్ధాంతం గోడలు ఒక్కొక్కటే కూలుతున్నాయి. "అయ్యగారు?" అన్నాను నీరసంగా.

"ఆఖర్న. అందరూ ఎక్కేక ఎక్కేరు. జనం పట్టక లాంచీ రెండుసార్లు తిరిగింది."

"లాంచీయా?"

"మరేటనుకున్నావే, విమానమా?" అని, నా మొహం చూసి ఆగిపోయాడు. ఆయనకి అర్థమైంది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మైకు పెట్టి గంట సేపు అరిచేరు గదే, గట్టు మీదకి వచ్చేయండని. లాంచీ హారను చెవులు పగిలేలా కొట్టేరు. ఆవుని ఎక్కించుకుంటే వస్తానన్నాను, కుదరదన్నారు. ఈ స్థితిలో దీన్నొదిలి ఎలా ఎల్తాను?" అన్నాడు.

నేను సిగ్గుపడే తీరిక లేకపోయింది. నీళ్ళు పాక గుమ్మం దాటాయి. ఆవు నొప్పులు ఎక్కువయ్యాయి. మా చిన్నాన్న చెప్పినట్టల్లా చేశాను, పట్టుకోమన్నచోట పట్టుకున్నాను, లాగమన్నప్పుడు లాగాను. రెండు రోజులు తిండిలేని చేతుల్లోకి, పాదాలు తడుపుతున్న ఎర్రనీళ్ళ మధ్య, వెచ్చగా, జారుతూ ఒక పెయ్యదూడ వచ్చి పడింది. దాన్ని ఎత్తుకుని నేను, ఆవుని తోలుకుంటూ ఆయన, మోకాలి లోతు నీళ్ళలో మందిరం మెట్ట దాకా నడిచాం. ఊరికంతటికీ ఎత్తైన చోటు అదే. ఆ మెట్ల మీద కూర్చున్నాక వెనక్కి చూస్తే మా వీధి లేదు. నీటి మీద ఇళ్ళ కప్పులు మాత్రం వరసగా, ఎవరో బోర్లించి పెట్టినట్టు ఉన్నాయి. ఒక్కో మెట్టూ నీళ్ళలోకి పోతోంది. చిన్నాన్న ఆవు మెడ నిమురుతూ, ఇంకెన్ని మెట్లు మిగిలాయో లెక్కపెడుతున్నాడు.

సాయంత్రం నాలుగింటికి కాబోలు, నీళ్ళ మీద నుంచి ఎవరో నా పేరు పిలిచారు. చార్టు పాప అని కాదు, నా అసలు పేరు. కొబ్బరికాయలు మోసే పెద్ద నావ ఒకటి చెట్ల మధ్య నుంచి వచ్చింది. గెడ వేస్తున్నది మా రేవులో పడవ నడిపే సరంగు. ముందు నిలబడి, కళ్ళజోడు లేక ఎక్కడో వేరే దిక్కుకి చూస్తూ నన్ను పిలుస్తున్నది అయ్యగారు. అవతలి గట్టున బడిలో దిగాక ఆయన ఇంటింటి వాళ్ళనీ పేరు పేరునా లెక్క చూసుకున్నారట. నా స్నేహితురాలు అక్కడే ఉంది, నేను లేను. చిన్నాన్న లేడు. (మందిరానికి రానివాణ్ణి ఆయన లెక్కలో వేసుకుంటారని నాకు తెలియదు.) ఆవు సంగతి గుర్తొచ్చి, అంత పెద్ద నావ కావాలని పట్టుబట్టి తెచ్చారట.

నావలో దూడని ఒళ్ళో పెట్టుకుని, "అయ్యగారూ, నా లెక్క తప్పింది" అన్నాను. "ముందు ఈ అరటిపండు తినమ్మా, లెక్క ఎక్కడికీ పోదు" అన్నారాయన. బడి దగ్గర మా అమ్మ చీపురు కోసం వెతుకుతున్నట్టే నిలబడి ఉంది. ఊరంతా చుట్టూ మూగారు, ఎవరో "పాపా, ఇవాళే కదూ" అనేశారు కూడా. అయ్యగారు దిగుతూనే, "ఆవు ఈనుతుంటే ఈ పిల్లే చిన్నాన్నకి తోడు నిలబడిందండి" అని గట్టిగా చెప్పారు. ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

నీళ్ళు తీశాక నెలకి, ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి వెళ్ళి, ఇంకేదో అడిగాను. "మీకెప్పుడూ లెక్క వెయ్యాలనిపించలేదాండి?" ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "వేశానమ్మా. పాతికేళ్ళ వయసులో. నాది మే నెల వచ్చింది. ఎలాగూ వచ్చేస్తున్నారు కదా, పెళ్ళెందుకని కుదిరిన సంబంధాన్ని ఆపేశాను. రెండేళ్ళు" అన్నారు. "ఎవరండి ఆవిడ?" అన్నాను. వంటింట్లోంచి అయ్యగారి భార్య కాఫీ గ్లాసులతో వచ్చి, "నేనే. ఇంకా లెక్క తేలలేదా ఇద్దరికీ?" అని, ఆయన గ్లాసు కొంచెం గట్టిగా పెట్టి వెళ్ళిపోయింది.

బీఈడీ ఏడాది ఆలస్యంగా చేశాను. ఇప్పుడు పిల్లలకి లెక్కలే చెబుతున్నాను. ప్రభువు వస్తాడని ఇవాళ్టికీ నమ్ముతున్నాను, బహుశా అప్పటికన్నా ఎక్కువే. కానీ బైబిల్లో రాకడ సంగతి చెప్పే ఆ చివరి పుస్తకం చదివినప్పుడు అర్థం కాని చోటల్లా పక్కన చిన్న ప్రశ్నార్థకం పెడుతున్నాను. ఏటికేడాది అవి పెరుగుతున్నాయే తప్ప తగ్గడం లేదు. ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురైతే నా పుస్తకం లాక్కుని, పేజీలు తిప్పి చూసి, "ఇన్నేళ్ళు చదివి ఈవిడకేమీ తెలియలేదు" అని మొహం మీదే అనేస్తుంది. అననీ. ఆ పిల్లకి కోపం ఎక్కువ, తిండి తక్కువ. కూర్చోబెట్టి, కాస్త అన్నం పెట్టి, అవునమ్మా, నిజమే అంటాను.