పక్కవాడి దడి

ఇటలీకి దక్షిణాన ఉన్న కెర్కెన్నా దీవుల్లో సముద్రానికి కూడా గట్లున్నాయి. లోతు తక్కువ నీళ్ళలో ఖర్జూరపు మట్టలతో దడి కట్టి, కొసన బుట్టలు దించి చేపలు పడతారు. దడి తాత నుంచి మనవడికి వస్తుంది, దస్తావేజులతో సహా. ఆసామి లేకుండా ఒకరి దడిని ఇంకొకరు ముట్టుకుంటే దొంగతనమే. జాలరి సాదొక్ ఈ నియమాన్ని నమాజు కంటే శ్రద్ధగా పాటించాడు. నమాజు అప్పుడప్పుడూ తప్పేది.

పక్క దడి పినతండ్రి కొడుకు రిదాది. పంపకాల గొడవతో ఆరేళ్ళుగా మాటల్లేవు.

నవంబరులో ఒక ఉదయం రిదా దడిని పట్టుకుని, ఛాతీలోతు నీళ్ళలో ఒక నల్లటి పిల్ల నిలబడి కనిపించింది. ఇటలీకి దొంగచాటుగా వలస బయలుదేరి మునిగిన ఇనప పడవ తాలూకు మనిషి. చెయ్యెత్తింది. సాదొక్ తన కోటు, నీళ్ళ సీసా అందించాడు. పడవలోకి మాత్రం ఎక్కించుకోలేదు. కిందటేడు ఇలాంటి ముగ్గురిని ఒడ్డుకు చేర్చినందుకు ఊళ్ళో జాలరి బషీర్ మీద మనుషుల రవాణా కేసు పెట్టి పడవ లాక్కున్నారు.

"ఇక్కడే ఉండమ్మా, దడి ఆసామిని తీసుకొస్తా."

అర్థమైందో లేదో, తలూపింది.

ఫోన్ చేస్తే రిదా కట్ చేశాడు. సాదొక్ ఇంటికే వెళ్ళాడు.

"ఏంటన్నా, ఆరేళ్ళకి గుర్తొచ్చానా? నా బుట్టల్లో చేపలెక్కువ పడ్డాయని ఏడవడానికొచ్చావా?"

"చేప కాదురా, మనిషి. ప్రాణంతో ఉంది. నీ దడి పట్టుకుని నిలబడింది."

రిదా తన చేతిలోని రొట్టె పడేశాడు. "మరి పడవలో వేసుకురాలేదేం?"

"నీ దడి కదరా, నువ్వు లేకుండా..."

"మనిషిని తియ్యడానికి నా అనుమతేంటి, నీ మొహం! పద!"

వెళ్ళేసరికి గంట దాటింది. పోటు మూరెడు పెరిగింది. కోటు మట్టలకు చిక్కుకుని ఊగుతోంది. పిల్ల దాని కిందే ఉంది, వేళ్ళు ఇంకా దడిలోనే.

తీరరక్షక అధికారి వచ్చి అడిగాడు: "పడవలోకి ఎక్కించారా?"

"లేదు సార్."

"మంచి పని చేశారు. కేసేం ఉండదు."

"విన్నావా అన్నా," అన్నాడు రిదా, "మంచి పనట."

అల్లా రాసిపెట్టిన రోజది అని ఊరి పెద్దలు నిట్టూర్చారు. ఆ గంటను మాత్రం అల్లా రాయలేదు. సాదొక్ భార్య మబ్రూక ఆ సాయంత్రమే తేల్చేసింది: "దడి దడి అనకయ్యా. పడవ పోతుందని భయపడ్డావు. ఆ ముక్క చెప్పు."

"భయపడ్డాను," అన్నాడు సాదొక్.

మర్నాటి నుంచీ తెల్లవారగానే తన బుట్టలు ఎత్తకుండా ఊళ్ళో అందరి దడుల వెంటా పడవ నడపసాగాడు. మట్టలు పక్కకు తప్పించి నీళ్ళలోకి చూస్తాడు. నెల తిరక్కుండానే దొంగ అన్న పేరొచ్చింది. జాలరుల సంఘం పిలిపించి, పరాయి దడుల్లో ఏం వెతుకుతున్నావని నిలదీసింది.

"ఇంకా ఎవరూ దొరకలేదు," అన్నాడు.