నీళ్ళ కింద అవ్వ ఇల్లు

మొన్న కామారెడ్డి అంగట్లో చేపలమ్మే ఆమె "ప్రాజెక్టు చేపలమ్మా, పొద్దున పట్టినయి" అంటే అక్కడే ఆగిపోయాను. మాది ఎల్లారెడ్డి దాటాక, నిజాంసాగర్ ఒడ్డున ఉండే ఊరు. ఆనకట్ట కట్టడానికి వచ్చినవాళ్ళు, కట్టాక నీళ్ళల్లో పొలాలు పోయినవాళ్ళు పక్కపక్కన ఇండ్లు వేసుకుంటే అయిన ఊరు. ఆదివారాలు కామారెడ్డి నుంచి జనం వచ్చి, కట్ట మీద ఫోటోలు దిగి, వేయించిన చేపలు తిని పోయేవారు. అవతలి గట్టు కనపడని ఆ నీళ్ళే సముద్రమని చిన్నప్పుడు మా నమ్మకం. పెద్దయ్యాక విశాఖలో అసలు సముద్రం చూస్తే, ఉప్పగా ఉండడం, ఊరికే అరుస్తూ ఉండడం తప్ప పెద్ద తేడా కనిపించలేదు.

మా నాయనమ్మను అవ్వ అనేవాళ్ళం. ఆ చేపలను ఆమె ఏనాడూ ముట్టలేదు. ఆమె పుట్టిన ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. "మా ఇంట్ల తిరిగే చేపలు, ఎట్ల తినాలెనే" అనేది. ఏడేళ్ళప్పుడు బండెక్కి వచ్చేసిందట. ఆమె చెప్పే ఆ ఇంటి దర్వాజలోంచి ఎడ్లబండి నేరుగా లోపలికి వచ్చేది, వాకిట్లో వందమంది బంతికి కూర్చునేవాళ్ళు. ఏటేటా ఇల్లు పెరుగుతోందని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

నేను బీఎడ్ చదువుతున్నప్పుడు, తెలంగాణ కోసం బస్సులు రోజు విడిచి రోజు ఆగిపోతున్న కాలంలో, వానలు లేక నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. పాత ఊరి పునాదులు తేలాయన్నారు. అవ్వ పోతానంది. అవ్వ కొడుకు, మా బాపు, ఒప్పుకోలేదు.

"ఏముందక్కడ? రాళ్ళే గద."

"రాళ్ళే సూస్తనంటున్న," అంది అవ్వ. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు నేనే ఆటో మాట్లాడాను.

ఆటో దిగి, ఎండి పగిలిన ఒండ్రులో చాలాసేపు నడిచాం. అవ్వ ఎవరినీ దారి అడగలేదు. పునాది రాళ్ళ మధ్య తిరిగి తిరిగి, నేలలో పాతిన ఒక రోలు దగ్గర ఆగింది. దాని అంచు ఒకవైపు విరిగి ఉంది. చుట్టూ ఉన్న పునాది మా వంటింటంత కూడా లేదు. ఆమె ముఖం చూడలేక తల తిప్పుకున్నాను. ఆమె మాత్రం ఈ మూల నుంచి ఆ మూలకు అడుగులతో కొలిచింది, రెండుసార్లు.

"గింతేనా," అంది. కాసేపటికి, "అప్పుడు నేను గింతుంటి," అంటూ చెయ్యి నడుం దగ్గర పెట్టి చూపించింది.

కొంగుతో రోట్లో ఒండ్రు తీసి పక్కనే కూలబడింది. "మా అమ్మ గీడనే కూసుండి జొన్నలు దంచేది. బండెక్కే నాడు గూడ దంచింది." ఏడవలేదు. రోటి అంచు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. ఎండ ముదురుతోంది. గట్టు మీది నుంచి ఆటో అతను హారన్ కొడుతున్నాడు.

"పోదాం అవ్వా, ఆటో పోతది."

"జరసేపు, బిడ్డా."

నేను రెక్క పట్టుకుని లేపాను.

ఆ వానాకాలం నీళ్ళు మళ్ళీ కట్టను తాకాయి. తర్వాత ఇంటి సంగతి ఎవరడిగినా అవ్వ "చిన్న ఇల్లు" అనేది, ఏమాత్రం చిన్నబోకుండా. రెండేళ్ళకు పోయింది. డెబ్బై ఏళ్ళకు పైగా ఎదురుచూసిన మనిషికి ఆ పూట నేను మరో అరగంట ఇవ్వలేకపోయాను. అంత తొందరగా ఇంటికి వచ్చి ఏం చేశానో, ఇప్పుడెంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.