మేనమామకు అడ్డంపడ్డ కేమ్ షాఫ్టు

ఎనభైల్లో ధర్మపురి సేలం రోడ్డు మీద సిద్ధరాజ్ షెడ్డు తెలియని డ్రైవరు లేడు. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు, లారీలు అన్నీ ఆ రేకుల కిందికే వచ్చేవి. సిద్ధరాజ్ చేతిలో పని ఉంది, నోట్లో విసుగు ఉంది, రెండింటినీ అతను ఎవరి దగ్గరా దాచుకోలేదు. పని కావాలంటే తిట్లు కూడా మూట కట్టుకుని పోవాలని డ్రైవర్లు నవ్వుకునేవారు. అంతటి విసుగుకు కూడా ఒక మొగుడు పుట్టాడు. అతని పేరు ఆదిమూలం, మామిడికాయల మండీ మొదలాళీ, అంటే యజమాని.

మద్రాసులో ఎవరో దొర దేశం వదిలి పోతూ అమ్మేసిన విదేశీ కారును ఆదిమూలం కొన్నాడు. దానికి టర్బో ఉంది. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని గిర్రున తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి గాలిని అదిమి నింపుతుంది. అంతటితో తృప్తి పడితే ఆయన ఆదిమూలం ఎందుకవుతాడు? వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీ, అదే కేమ్ షాఫ్టు, మారిస్తే బండి ఇంకా ఎగురుతుందని ఎవరో చెవిలో వేశారు. బెంగళూరులో రేసులాడేవాళ్ల దగ్గర ఒకటి కొన్నాడు, అది ఓడలో వచ్చిన సీమ సరుకు. కోయంబత్తూరులో ఇంకొకటి సాన పట్టించి తెచ్చాడు. రెండింటినీ పాత పంచె ముక్కల్లో చుట్టి, పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు సిద్ధరాజ్ బల్ల మీద పెట్టాడు.

"సిద్ధా, ఈ రెండిట్లో ఏది మేలు?"

సిద్ధరాజ్ రెండింటినీ వెలుతురుకు పట్టి చూశాడు. కడ్డీ మీద వాల్వును తన్నే గుబ్బను అతను ముక్కు అంటాడు. సీమ కడ్డీ ముక్కు పొడుగు, వెడల్పు. కోయంబత్తూరుది పొట్టి.

"ఈ సీమది వాల్వుల్ని శానాసేపు తెరిచిపెడతాది మొదలాళీ. లోపలికొచ్చే తలుపూ, బయటికి పోయే తలుపూ రెండూ కొంచెంసేపు ఒకటే తూరి తెరుచుకోని ఉంటాయి. టర్బో నింపిన గాలి వెనక తలుపులో పారిపోతాది. కొండ ఘాటు ఎక్కేటప్పుడు బండి నిద్రపోతాది. కృష్ణగిరి రోడ్డులో తొక్కి పట్టినారంటే మాత్రం పిచ్చిపట్టినట్టు పోతాది. కోయంబత్తూరుది తొప్పూరు ఘాటులో బాగా లాగతాది, నేరు రోడ్డులో దీనికి ఊపిరి చాలదు. ఘాటుకైతే ఇది, రోడ్డుకైతే అది. మీకేది కావాల?"

"రెండూ కావాల," అన్నాడు ఆదిమూలం. "రెండూ మార్చి మార్చి చూస్తాము."

పీడ అక్కడ పట్టుకుంది. ఒక కడ్డీ తీసి ఇంకొకటి వేయడమంటే చొక్కా మార్చినట్టు కాదు. పైకవరు విప్పాలి, బెల్టు తియ్యాలి, ఒక్కొక్క వాల్వు సందునూ రేకు పెట్టి సరిచూడాలి, ఆయిలు కారకుండా కవరు కింద కొత్త కార్కు ప్యాకింగు కోసి అతికించాలి. ఒక పగలంతా అయిపోతుంది. అయ్యాక ఆదిమూలం తొప్పూరు ఘాటు ఎక్కి దిగి వచ్చేవాడు. దిగుతూనే మొహం అదోలా పెట్టేవాడు. సీమది వేసుకున్న వారం కోయంబత్తూరుది గుర్తొచ్చేది, కోయంబత్తూరుది వేసుకున్న వారం సీమది కలలోకి వచ్చేది. సిద్ధరాజ్‌కు తలప్రాణం తోకకొచ్చింది. కాదందామంటే మండీ లారీలన్నీ ఆయనవే, ఆయన మొహం తిప్పుకుంటే షెడ్డు సగం ఖాళీ.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు, ఈ ఆట మధ్యలో నలిగిపోయింది బొమ్మిడిలో ఉన్న సిద్ధరాజ్ చెల్లెలు అంజలై. ఆమె కూతురు పంచవర్ణానికి చెవులు కుట్టాలి. కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. అంజలైకి ఉన్నది ఒక్కడే అన్న. మొదటిసారి పెట్టిన ముహూర్తానికి ఆదిమూలం కారు విప్పి పడి ఉంది, ఆయనకు మర్నాడే ఊటీ ప్రయాణం. రెండోసారి కూడా అదే కారు, అదే కథ. మూడో ముహూర్తం పెట్టుకుని అంజలై బస్సెక్కి నేరుగా షెడ్డుకే వచ్చింది.

"అన్నా, మీ పుట్టింట్లో మగదిక్కు లేదా అని మా అత్త అందరి ముందరా అడిగింది. ఈ తూరి నువ్వు రాకపోతే నేను ఆ ఇంట్లో తలెత్తలేను."

"వస్తాను పోమ్మా."

"పోయిన తూరీ ఇట్లే అంటివి. అమ్మ మీద ఒట్టు పెట్టు."

సిద్ధరాజ్ ఒట్టు పెట్టాడు. అతని భార్య మాదమ్మాళ్ మేనమామ పెట్టాల్సిన కానుకల సీరు తట్టలు సర్దుకుని ముందురోజే బొమ్మిడికి పోయింది. ఆ సాయంత్రమే ఆదిమూలం కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది.

"సిద్ధా, ఈ కోయంబత్తూరుది ఏమీ బాగలేదప్పా. మళ్లా సీమది వేసెయ్యి."

"రేపు నా చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టేది మొదలాళీ!"

"తెల్లారేసరికి ఇచ్చేసెయ్యి. ఘాటు వరకూ పోయి చూసుకోని వస్తాను. నేనే నిన్ను బొమ్మిడిలో దించుతాను. బస్సు కంటే ముందే పోతావు."

ఆయన వెళ్లాక సిద్ధరాజ్ కారు మూత ఎత్తాడు. తరవాత కవరు విప్పాడు. లోపల కోయంబత్తూరు కడ్డీ హాయిగా పడుకుని ఉంది. దాన్ని తాకలేదు. విప్పిన గుర్తు కనబడాలి కాబట్టి బోల్టుల మీద తడి ఆయిలు పూశాడు. జరగని పనికి కొత్త ప్యాకింగు ఎందుకని పాతదాన్నే పెట్టి, కవరు బిగించేశాడు. సీమ కడ్డీని బీరువా వెనక దాచి, బతికుంటే బలుసాకు తినొచ్చు అనుకుని పడుకున్నాడు.

పొద్దున్నే కారు తీసుకుపోయిన ఆదిమూలం ఘాటు నుంచి మొహం వెలిగిపోతూ తిరిగొచ్చాడు.

"దానికీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా సిద్ధా! బండంటే ఇది! ఎక్కు ఎక్కు, పోదాము."

నవ్వు రావలసిన చోట సిద్ధరాజ్‌కు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈ మనిషికి తెలిసిన తేడా ఇదేనా? ఇందుకోసమా తను చెల్లెలి చేత రెండుసార్లు ముహూర్తం మార్పించింది? ఉతికిన తెల్ల చొక్కా నలగకుండా కూర్చుని కిటికీలోంచి బయటికి చూశాడు.

సగం దారిలో కమురు వాసన వచ్చింది. ఆ వెనకే ముందు నుంచి తెల్లటి పొగ ఎగిసింది. బండి ఆపి మూత ఎత్తి చూస్తే, నలిగిన పాత ప్యాకింగు ఒక మూల చిరిగి, ఆయిలు కారి ఎర్రగా కాలిన టర్బో మీద పడుతోంది. ఇన్నాళ్లుగా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన పనుల్లో ఒక్కటీ చెడిపోలేదు. చెయ్యకుండా చేసినట్టు నటించిన పని నడిరోడ్డు మీద పరువు తీసింది.

ఆదిమూలం తుండుతో పొగ విసురుకుంటూ తల ఊపాడు.

"చూసినావా? సీమదాని గుణమే ఇంత. కోయంబత్తూరుదే మేలు."

"లోపలుండేది కోయంబత్తూరుదే!" సిద్ధరాజ్ అరుపుకు చింతచెట్టు మీది కాకులు లేచాయి. "నేను మార్చనే లేదు! నిన్న బాగలేదంటిరే, అదే! పొద్దున నాకలోకం అంటిరే, అదీ అదే!"

ఆదిమూలం తుండు భుజాన వేసుకున్నాడు. వంగి ఇంజనులోకి తొంగి చూశాడు.

"అట్లయితే," అన్నాడు నిదానంగా, "సీమది వేసుంటే ఇంకా బాగుండేదేమో."

సిద్ధరాజ్ మైలురాయి మీద కూలబడ్డాడు. ఈ మనిషిని కొట్టడానికి తనకు చేతులు రావు, తిట్టడానికి ఇక మాటలు లేవు. పైగా ఈ పొగ ఆదిమూలం తప్పు కూడా కాదు, తనదే. అదే ఎక్కువగా పొడిచింది. ఒక బస్సు వచ్చింది గానీ ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేక ఆగకుండా పోయింది. ఇంజను చల్లారేదాకా కూర్చుని, చిరిగిన చోట బట్టల సబ్బు మెదిపి కుక్కి, దారిన పోయే లారీవాణ్ణి ఆయిలు అడుక్కుని, మళ్లీ బయలుదేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది.

బొమ్మిడిలో పందిరి కింద చివరి బంతి లేచింది. సిద్ధరాజ్‌ను చూసి బావ మొహం తిప్పుకున్నాడు. మాదమ్మాళ్ నెత్తి కొట్టుకుంది. అంజలై మాత్రం ఎదురొచ్చింది. అన్న చొక్కా మీది ఆయిలు మరకలను కిందినుంచి పైదాకా చూసింది.

"ముహూర్తం దాటిపోతాదని ఒక చెవి కుట్టించినాము. ఇంగెవరి ఒళ్లోనన్నా పెట్టమనిరి. నేను ఒప్పుకోలేదు, నా ఒళ్లోనే పెట్టుకొంటిని. కుడి చెవి నీకోసరం నిలిపినాను అన్నా. చెవులు కుట్టే ఆచారి తిట్టుకుంటా కూర్చోనుండాడు. బిరీన రా."

సిద్ధరాజ్ నీళ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. సీకాయపొడితో చేతులు తోముకున్నాడు, నలుపు సగమే పోయింది. వచ్చి పీట మీద కూర్చుని ఒడి పరిచాడు.

ఎడమ చెవి కుట్టేటప్పుడు పంచవర్ణం లడ్డు తింటూ కూర్చుందట. ఏం జరగబోతోందో ఆ బిడ్డకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆచారి చేతిలో తీగ చూడగానే ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టింది. కాళ్లతో తన్నింది, సిద్ధరాజ్ చెయ్యి కొరికింది. "మామ వద్దు! మామ పో!" అని పందిరంతా వినబడేలా ఏడ్చింది.

"గట్టిగా పట్టుకో," అంది అంజలై. ఆమె గొంతులో కోపం లేదు. "పొద్దున్నే వచ్చుంటే, దానికి తెలిసేలోపల రెండూ అయిపోయుండును."

సిద్ధరాజ్ గట్టిగా పట్టుకున్నాడు. తీగ దిగింది.

ఆ తరవాత చాన్నాళ్ల వరకు అతను ఆ గడపలో కాలు పెడితే చాలు, పంచవర్ణం కుడి చెవి మీద చెయ్యి వేసుకునేది. ఎడమ చెవిని పట్టించుకునేది కాదు.