అతివస వేరు విరిచి చూడాలి

ఈ సాయంత్రం కోకాపేటలోని మా పదిహేడో అంతస్తు వంటింట్లో, మా నాలుగేళ్ల పాప దగ్గుకి సానరాయి మీద అతివస వేరు అరగదీస్తుండగా, లింగంపల్లి నుంచి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది.

"అత్తా, కటాఫ్ తగ్గించిన్రంట! నాకు ఆయుర్వేదంల సీటొస్తది. ఇగ ఫికర్ లేదు!"

సంతోషమని వెంటనే అనలేకపోయాను. మళ్లీ చేస్తానని పెట్టేశాను. ఆ పిల్లకి ఏం చెప్పాలో తేలక, పాప మందు నాకకుండానే నిద్రపోయాక ఇలా రాస్తూ కూర్చున్నాను.

నేనూ అలా వచ్చినదాన్నే. నాతోపాటు ఎంట్రన్సులు రాసినవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఎంబీబీఎస్ ఆశ పోయి, ఆయుర్వేదానికైనా అర్హత మార్కు అందలేదని తెలిసిన ఉదయం నాన్నగారు పేపరు నాలుగు మడతలు పెట్టి పరుపు కింద దాచేశారు. తర్వాత సీట్లు మిగిలాయని ఆ మార్కు తగ్గించారు. నాన్నగారు కాలనీ అంతా మిఠాయి పంచుతుంటే నేను గదిలోంచి బయటకు రాలేదు. కాలేజీలో అలా చేరినవాళ్లందరి పేరూ 'రెండో లిస్టు'. ఎవరికీ లోకువ కాకూడదని శ్లోకాలన్నీ కంఠతా పట్టాను.

రెండో ఏడు మూలికలు గుర్తుపట్టే పరీక్ష. బల్ల మీద వరసగా పళ్లేలు, ఒక్కోదాంట్లో ఎండు వేరో బెరడో. గంట కొట్టేలోపు చూసి, విరిచి, పేరు రాసి పక్కకి జరగాలి. ఒక పళ్లెంలో చిన్న కొమ్ములాంటి వేరు కనబడగానే పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చి, విరవకుండానే 'అతివస, పసిపిల్లల మందు' అని రాసి, కింద శ్లోకం కూడా రాశాను. అది వసనాభి. అతివసకి దగ్గర చుట్టమే, కానీ శుద్ధి చేయకపోతే ప్రాణం తీసే విషం.

మా మేడం, తల నెరిసిన పెద్దావిడ, నా కాగితం అందరి ముందూ ఎత్తి పట్టుకున్నారు.

"శ్లోకం మస్తుగ రాసినవ్ బిడ్డా. మరి ఆ పసిపిల్లని ఎవరు బతికిస్తరు?"

వెనక నుంచి ఎవడో "రెండో లిస్టు, మేడం" అని నవ్వాడు. ఆవిడ అటు తిరిగారు.

"ఎంతకి తగ్గించి పంపిన్రో నాకు తెల్వది. ఈడ మాత్రం తగ్గేది లేదు. ఆమెకైనా, నీకైనా."

ఆ పరీక్షలో నన్ను ఫెయిల్ చేశారు. చదువు మానేద్దామనుకున్నాను. మర్నాటి నుంచి క్లాసులయ్యాక ఆవిడే నన్ను కూర్చోబెట్టి, రెండు రకాల వేర్లూ కలిపి కుప్పపోసి, ఒక్కొక్కటే విరిపించి, నా భుజం మీదుగా చూస్తూ, లోపల తెల్లగా ఉన్న అతివస ఒకవైపు, నల్లగా ఉన్న వసనాభి ఒకవైపు ఏరించేవారు. మళ్లీ పరీక్షనాడు విరిచాను, తెల్లగా ఉంది, 'అతివస' అని రాశాను. "చేతులు కడుక్కో, పో," అన్నారంతే.

ఇప్పుడు మేడం రిటైరయ్యారు. మేనకోడలు చేరాలనుకుంటున్న కాలేజీలో వేర్లన్నీ తెర మీద ఫొటోలుగా చూపిస్తారని మొన్న తనే చెప్పింది. ఫొటోని ఎలా విరుస్తారు?

ఇందాక తిరిగి ఫోన్ చేసి, సంతోషమని చెప్పి, ఆదివారం రమ్మన్నాను.

"పార్టీనా అత్తా?"

"వేర్లు విరుద్దువుగాని, రా."

అంతలో పాప దగ్గుతూ లేచింది. తీరా మందు నాకించబోతే, సాయంత్రం ఫోన్ హడావిడిలో వేరు విరిచి చూశానో లేదో గుర్తు రాలేదు. కొట్లో కొన్న వేర్లలో వసనాభి కలిసి ఉండొచ్చు. అరగదీసిందంతా పారబోశాను. ఇంకో వేరు తీసి విరిచాను. తెల్లగానే ఉంది. అయినా దీపం కిందకి పట్టుకెళ్లి మళ్లీ చూశాను. ఆ రోజుల్లోనైతే, నా భుజం మీదుగా చూసే మనిషి ఒకరుండేవారు.